నలభైకి తొమ్మిది

మూడో గేరుకి రెండు పళ్ళు రాలాయి.
నూనె పళ్ళెంలోంచి వాటిని ఏరి
బెల్మీరు నా అరచేతిలో పెట్టాడు,
బిడ్డ పాలపళ్ళు తల్లికి అప్పగించినట్టు.

"నూట ముప్పై గుర్రాలకి కట్టిన కొట్టం ఇది.
టర్బో తగిలించి మూడొందలు తోలావు.
తన్నుకోవా మరి?"

కొవిల్యాలో ఫిబ్రవరి.
షెడ్డు రేకుల మీంచి మంచు జారుతున్న చప్పుడు.
అర్ధరాత్రి రెండింటికి లేచి రొట్టెలు కాల్చేదాన్ని,
నాకు మోచేతుల దాకా పిండి,
అతనికి మోచేతుల దాకా గ్రీజు.
మధ్యలో బల్ల మీద
పొట్ట విప్పిన గేరుబాక్సు.

ముందు సీక్వెన్షియల్ బొమ్మ చూపించాడు.
లివరు వెనక్కి లాగితే చాలట,
క్లచ్చి ఊసే లేకుండా
పంటికి పన్ను టక్కున దిగుతుందట.
ధర నా కొత్త పొయ్యి కన్నా ఎక్కువ.
నిటారు పళ్ళు. ఎంత బరువైనా మోస్తాయి,
కానీ మోస్తున్నంతసేపూ అరుస్తాయి.
"ఎంతలా?"
చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నవ్వాడు.

వద్దన్నాను.
డబ్బు గురించి అనుకున్నాడు. అననిచ్చాను.

"అయితే ఏటవాలు పళ్ళే వేద్దాం, గట్టి ఉక్కుతో.
సింక్రో ఉంటుంది.
తొందరపెడితే కసురుకుంటుంది, నీలాగే."

తర్వాత కొండ లెక్క.
మేలో పోటీ. తొమ్మిదో మలుపు,
గుండురాయి కింద వెనక్కి తిరిగే ఆ పాము మెడ.
"అక్కడ రెండో గేరులో ఎంత?"
"మూడు వేలు."
"టర్బో ఎప్పుడు లేస్తుంది?"
"మూడు వేల రెండొందలకి."
ఆ రెండొందల్లోనే
నాలుగేళ్ళుగా ఓడిపోతున్నాను.

వెనక ఇరుసులో నలభై ఒకటికి పది తీసేసి
నలభైకి తొమ్మిది పెడదామన్నాడు.
"ఇవేం అంకెలు? శుభ్రంగా నలభైకి పది ఉండదా?"
"శుభ్రంగా ఉంటే చెడుతుంది.
ప్రతి చుట్టులోనూ అవే పళ్ళు ఎదురుపడతాయి.
ఒకదానికి గాటు పడిందా,
జన్మంతా ఆ నాలుగింటినే కొరుకుతుంది.
లెక్క తెగకూడదు.
అప్పుడు ప్రతి పన్నూ ప్రతి పన్నుకీ తగులుతుంది,
అరుగుదల అందరికీ పంచుతుంది."
వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా
స్పానరు తుడుచుకుంటూ అన్నాడు.

మలుపులో ఇక మూడు వేల రెండొందల యాభై.
ఎగిరి గంతేద్దును గానీ,
"హైవే మీద మటుకు," అన్నాడు,
"నూట ఇరవైలో మూడు వేల ఆరొందలు ఉండేది
తొమ్మిదొందలకి పోతుంది. గోల.
పోటీ బండికి ఏముందిలే."

అప్పుడు చెప్పాల్సి వచ్చింది.
వారం విడిచి వారం, గురువారాలు,
ఈ బండిలోనే సెలెస్టీనుని
కొయింబ్రా ఆసుపత్రికి తీసుకెళతాను.
మా తమ్ముడు. గొర్రెల సంతలో వేలం వేసేవాడు,
కేక వేస్తే అవతలి గట్టు మీది కుక్కలు మొరిగేవి.
పక్షవాతం వచ్చాక వాడి మాట
రొట్టె చుట్టే కాగితం నలిగినంత.
ఏమన్నావని రెండోసారి అడిగితే
మానేస్తాడు.

బెల్మీరు రేడియో కట్టేశాడు.
చెవి మీది పెన్సిలు తీసి
ఐదో గేరు దగ్గర సున్నా పాయింట్ ఎనభై ఒకటి కొట్టేసి
డెబ్బై ఐదు రాశాడు.
"మళ్ళీ మూడు వేల ఆరొందలే.
కానీ నాలుగుకీ ఐదుకీ మధ్య గొయ్యి పడుతుంది.
కొండ మీద ఐదు ఎందుకూ పనికిరాదు."
"కొండకి నాలుగు చాలు."

మేలో ఏమైందో ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు,
నాకన్నా బాగా చెబుతారు.
నేను చెప్పేది అంతకు ముందు గురువారం సంగతి.

విజేవు దాటాక నాలుగులోంచి ఐదుకి వేశాను.
బండి ఆ గోతిలోకి మెల్లగా దిగింది,
ఇంజను గొంతు తగ్గించుకుంది.
సెలెస్టీను అద్దం వైపు చూస్తూ
ఏదో అన్నాడు.

చలేస్తోంది, కిటికీ ఎత్తు, అన్నాడు.

ఎత్తాను.